గినీ పిగ్‌కు గజ్జి: గొర్రెల మందు వేయొచ్చా?

మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక చిన్న పట్టణం నుంచి ఒక తల్లి రాశారు. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది. అందులోని ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆమె కొడుకు ఏడో తరగతి చదువుతున్నాడు. పోయిన దసరాకు మేనమామ హైదరాబాద్ నుంచి రెండు గినీ పిగ్స్ తెచ్చిచ్చాడు. రెండూ ఆడవేనని షాపువాడు చెప్పాడట. బుజ్జి, చిట్టి అని పేర్లు పెట్టుకున్నారు. స్కూల్ నుంచి రాగానే పిల్లాడు బ్యాగ్ పక్కన పడేసి ముందు వాటి దగ్గరికే పోతాడు. వానలు మొదలైనప్పటి నుంచి బుజ్జి ఒకటే గోక్కుంటోంది. వీపు మీద, తొడల లోపల బొచ్చు ఊడిపోయింది. చర్మం పొట్టు లేచి పసుపుపచ్చ పెచ్చులు కట్టింది. మొన్న రాత్రి గోక్కుంటూ గోక్కుంటూ పక్కకు పడిపోయి కాళ్లు కొట్టుకుంది. కాసేపటికి మామూలైంది కానీ పిల్లాడు హడలిపోయాడు. వాడి ముంజేతుల మీద, పొట్ట మీద ఎర్రటి దద్దుర్లు కూడా లేచాయి.

ఇక ఇంట్లో తలో మాట. "ఎలుక జాతిని ఇంట్ల పెట్టుకుంటే గిట్లనే అయితది. పోరనికి గజ్జి అంటింది. చెరువు కట్ట మీద ఇడిచిపెట్టి రాండ్రి" అని అత్తగారు. గొర్రెలున్న మరిది తన మందకు గజ్జి, నట్టల కోసం వేసే ఐవర్‌మెక్టిన్ సీసా తెచ్చి, అర ఎంఎల్ సూది వేస్తే పోతుందంటున్నాడు. మెడికల్ షాపులో పుండ్లకని పిల్లల అమాక్సిసిలిన్ సిరప్ ఇచ్చారు. ఎవరో చెబితే కుక్కల పౌడర్ కూడా కొన్నారు. ఈ మూడూ ఇంకా వాడలేదు. వేపనూనెలో కర్పూరం కలిపి మాత్రం రాశారు. భర్త "ఐదు వందల జీవానికి వేలు పెడతామా?" అని విసుక్కుంటున్నారు. పిల్లాడు నాయనమ్మతో మాట్లాడటం మానేశాడు. "ఎవరి మాట వినాలి? బుజ్జికి వచ్చింది ఫిట్సేనా? నా కొడుక్కి ఏమైనా అవుతుందా? ఎవరికైనా ఇచ్చేయడమే మంచిదా? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు" అని అడుగుతున్నారు.

అమ్మా,

ముందు ఒక్క పని చేయండి. ఆ సీసా, సిరప్, పౌడర్ మూడూ ఒక సంచిలో వేసి అటక మీద పెట్టండి. ఇప్పటిదాకా అవేవీ బుజ్జికి పడకపోవడం పెద్ద అదృష్టం. ఆ తర్వాత నిదానంగా మాట్లాడుకుందాం.

మీరు రాసిన లక్షణాలన్నీ గినీ పిగ్స్‌కు వచ్చే గజ్జిని గుర్తు చేస్తున్నాయి. ట్రైక్సాకారస్ అనే పురుగు దీనికి కారణం. కంటికి కనపడదు. చర్మం లోపలికి తొలుచుకుపోయి అక్కడే గుడ్లు పెడుతుంది. వీపు, భుజాలు, పక్కలు, తొడల లోపలి భాగం దీనికి ఇష్టమైన చోట్లు. దురద ఎంత భయంకరంగా ఉంటుందంటే, ముదిరినప్పుడు ఆ దురదకే ఒళ్లు బిగుసుకుపోయి కాళ్లు కొట్టుకుంటాయి. మీరు మొన్న రాత్రి చూసింది ఎక్కువ భాగం ఇదే అయి ఉంటుంది. చాలామంది దీన్ని మెదడు జబ్బు అనుకుని ఆశ వదిలేసుకుంటారు. గజ్జి తగ్గితే సాధారణంగా ఇవీ ఆగిపోతాయి. అయితే ఇది జబ్బు బాగా ముదిరిందని చెప్పే గుర్తు. వచ్చే ఆదివారం చూద్దాంలే అని ఆగే దశ దాటిపోయింది.

మళ్లీ అలా వస్తే గట్టిగా పట్టుకోవద్దు, నోట్లో నీళ్లు పోయొద్దు. మన దగ్గర ఫిట్స్ వస్తే ఉల్లిపాయ వాసన చూపించడం, చేతిలో తాళాలు పెట్టడం అలవాటు. బుజ్జికి అవేవీ వద్దు. మెత్తటి తువ్వాలు మీద ఉంచి, లైట్ తగ్గించి, చప్పుడు లేకుండా చూడండి. తేరుకున్నాక ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

గజ్జేనని ఉత్తరం చదివి నేను తేల్చి చెప్పలేను. డాక్టర్ చూడాల్సినవి ఇంకో రెండున్నాయి. ఒకటి పేలు. వెంట్రుకలు పాయ తీసి చూస్తే సన్నటి లేత రంగు పురుగులు పాకుతూ కనిపిస్తాయి, గజ్జి పురుగులా దాక్కోవు. గినీ పిగ్ పేలు మన తలకెక్కి బతకవు. రెండోది తామర. అది పురుగు కాదు, ఫంగస్. ఎక్కువగా ముక్కు చుట్టూ, కళ్ల చుట్టూ, చెవుల దగ్గర మొదలవుతుంది. మందే వేరు. ఐవర్‌మెక్టిన్ ఎంత వేసినా తామర పోదు. పిల్లాడు ఫోటో తీస్తే బుజ్జి ముఖం మీద మచ్చలున్నాయో లేదో దగ్గరగా చూడండి. డాక్టర్ చర్మం కొద్దిగా గీకి మైక్రోస్కోప్ కింద చూస్తారు. అందులో పురుగు కనపడకపోయినా గజ్జి లేదని కాదు. లోతుగా ఉంటుంది కాబట్టి చాలాసార్లు దొరకదు. లక్షణాలు చూసి మందు మొదలుపెట్టడం మామూలే.

ఇప్పుడు మీ మరిది సీసా సంగతి. ఆయన మాటలో సగం నిజముంది, అందుకే అది మిగతా అన్నిటికన్నా ప్రమాదం. గినీ పిగ్ గజ్జికి డాక్టర్లు వాడేది కూడా ఐవర్‌మెక్టినే. మందు సరైనదే, కొలత కాదు.

మందలకు వాడే మామూలు ఇంజెక్షన్ 1 శాతం ఉంటుంది. అంటే ఒక ఎంఎల్‌లో 10 మిల్లీగ్రాములు. పశువులకు, గొర్రెలకు 50 కిలోల బరువుకు 1 ఎంఎల్ లెక్క. ఆ లెక్కన అర ఎంఎల్ అంటే 25 కిలోల గొర్రెకు సరిగ్గా సరిపోతుంది. మీ మరిది చేయి అలవాటైన లెక్క అది, ఆయన తప్పేం లేదు. కానీ కిరాణా కాంటా మీద మీ అబ్బాయి తూచిన బుజ్జి 780 గ్రాములే. గినీ పిగ్‌కు కిలోకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల వరకు వేస్తారు. అర ఎంఎల్‌లో 5 మిల్లీగ్రాములుంటుంది. అంటే తక్కువలో తక్కువ పన్నెండు రెట్లు ఎక్కువ. బుజ్జికి కావాల్సింది షుగర్ పేషెంట్లు వాడే 40 యూనిట్ల ఇన్సులిన్ సిరంజి మీద ఒక గీతకు కాస్త అటూ ఇటూ. అంత చిన్న కొలత ఇంట్లో, గింజుకుంటున్న జీవాన్ని పట్టుకుని, భయపడుతున్న చేత్తో తీయడం చాలా కష్టం. ఎక్కువైతే ఒళ్లు వణకడం, తూలడం, మత్తుగా పడిపోవడం, ప్రాణం పోవడం కూడా జరగొచ్చు.

ఇంకో సంగతి. గొర్రెల కోసం దొరికే సీసాలన్నీ ఒకటి కావు. కొన్నింట్లో ఐవర్‌మెక్టిన్‌తో పాటు వేరే నట్టల మందు కలిపి ఉంటుంది. కొన్ని క్లోసాంటెల్ అనే వేరే నట్టల మందువి, అది మోతాదు దాటితే గొర్రెలకే చూపు పోతుంది. కాబట్టి ఆ సీసాను మీరే వాడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి. పనికొచ్చేదైతే ఆయనే కొలత కట్టి వేయొచ్చు. మరిదిని కాదన్నట్టు కూడా ఉండదు.

అమాక్సిసిలిన్ విషయంలో మాత్రం కొంచెం కూడా వెనక్కి తగ్గొద్దు. పిల్లలకు జ్వరమొస్తే వాడే ఆ మందే గినీ పిగ్‌కు విషమవుతుంది. దాని పేగుల్లో గడ్డిని అరిగించే మంచి బ్యాక్టీరియా ఉంటుంది. పెన్సిలిన్ జాతి మందులు దాన్ని చంపేస్తే చెడ్డ బ్యాక్టీరియా పెరిగి విషం వదులుతుంది. విరేచనాలు పట్టుకుని కొద్ది రోజుల్లోనే చనిపోతాయి. ఆంపిసిలిన్, క్లిండామైసిన్, లింకోమైసిన్, ఎరిత్రోమైసిన్ కూడా దీనికి ఇలాగే ప్రమాదం. పుండ్లలో చీము ఉంటే డాక్టర్ ఎన్రోఫ్లోక్సాసిన్ లాంటిది రాస్తారు. మీ ఊరి డాక్టర్ ఎక్కువగా బర్రెలు, గొర్రెలు చూసేవారైతే, "పెన్సిలిన్ దీనికి పడదంట కదా సార్" అని మీరే ముందు అనండి. అలా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

గోమార్లు, పేల కోసం కుక్కలకు వాడే పౌడర్, కాలర్, ఫిప్రోనిల్ స్ప్రే ఏవీ వద్దు. వేపనూనె, కర్పూరం ఆపేయండి. గినీ పిగ్ రోజంతా ఒళ్లు నాక్కుంటుంది. మీరు రాసింది దాని కడుపులోకే పోతుంది, కర్పూరం కడుపులోకి పోకూడనిది. గోరువెచ్చని నీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, తడి లేకుండా ఆరబెట్టండి. పెచ్చులను గోటితో లాగకండి.

మరి ఎక్కడికి తీసుకెళ్లాలి? మీ ముందు రెండు మూడు దారులున్నాయి.

దగ్గరిది మీ ఊరి పశువుల దవాఖాన. ఖర్చు దాదాపు ఉండదు, ఈ రోజే వెళ్లొచ్చు. అక్కడి డాక్టర్ గినీ పిగ్స్‌ను ఎక్కువగా చూసి ఉండకపోవచ్చు. కానీ గజ్జి ఆయనకు కొత్త కాదు, ఐవర్‌మెక్టిన్ అంతకన్నా కొత్త కాదు. ముందు ఫోన్ చేసి "780 గ్రాముల గినీ పిగ్, గజ్జి ముదిరి ఫిట్స్‌లా వస్తున్నాయి, చూస్తారా" అని అడగండి. చూస్తానంటే ఇదే మేలు. పుస్తకంలో చూసి మోతాదు కట్టినా పర్వాలేదు, కట్టేది డాక్టర్ అయితే చాలు.

రెండోది హైదరాబాద్. రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది. మహబూబ్‌నగర్ నుంచి వచ్చే హైవేలో ఆరాంఘర్ దగ్గర దిగితే ఊళ్లోకి పోకుండానే చేరుకోవచ్చు. పెంపుడు జంతువులను చూసే ప్రైవేట్ క్లినిక్‌లు నగరంలో చాలా ఉన్నాయి. కుందేళ్లు, గినీ పిగ్స్ చూస్తారా అని ఫోన్లో కనుక్కునే బయలుదేరండి, అందరూ చూడరు. ఇక్కడ మైక్రోస్కోప్ పరీక్ష చేయించుకోవచ్చు. సెలామెక్టిన్ అనే చుక్కల మందు దొరికే అవకాశం కూడా ఎక్కువ. మెడ వెనక చర్మం మీద వేస్తే చాలు, సూది బాధ ఉండదు. అయితే వంద కిలోమీటర్ల దాకా ప్రయాణం. ఎండ పూట అసలు వద్దు, గినీ పిగ్స్ వేడికి తట్టుకోలేవు. తెల్లవారుజామున బయలుదేరి, గాలి ఆడే డబ్బాలో, చిట్టిని కూడా పక్కనే పెట్టుకుని వెళ్లండి.

ఊరి దవాఖానలో మొదటి డోసు వేయించుకుని, రెండు వారాల్లో తేడా కనపడకపోతే అప్పుడు హైదరాబాద్ వెళ్లడం అనేది మధ్య దారి. నాకైతే మీ ఇంటి పరిస్థితికి ఇదే సరిపోతుందనిపిస్తోంది. కానీ ఫిట్స్ మళ్లీ మళ్లీ వస్తుంటే ఆ రెండు వారాలు ఆగకండి.

ఎక్కడ వేయించినా ఒక్క డోసుతో పోదు. మందు బతికున్న పురుగులను చంపుతుంది, గుడ్లను చంపదు. ఆ గుడ్లు పొదిగి బయటికొచ్చిన వాటి కోసం పది, పద్నాలుగు రోజుల ఎడంతో రెండోసారి, చాలాసార్లు మూడోసారి వేయాలి. మొదటి డోసు తర్వాత గోక్కోవడం తగ్గగానే "నయమైంది" అని మానేయడం వల్లే నెల తిరగకుండా మళ్లీ మొదలవుతుంది. చిట్టికి ఏ లక్షణమూ లేకపోయినా మందు పడాలి. ఈ పురుగు కొన్ని జీవాల మీద నెలల తరబడి చప్పుడు లేకుండా ఉండి, ఒత్తిడి, జబ్బు, చూలు లాంటివి వచ్చినప్పుడు బయటపడుతుంది. మీరు ఏదో సరిగ్గా చూసుకోలేదని కాదు, షాపు నుంచి వచ్చినప్పుడే వెంట వచ్చి ఉండొచ్చు. రెండూ ఆడవేనా అని డాక్టర్‌తో ఒకసారి చూపించండి. షాపుల్లో ఇది తరచూ తప్పు చెబుతారు. బుజ్జి చూలుతో ఉంటే డాక్టర్‌కు తెలియడం ముఖ్యం.

గూటిలో పరిచిన వరిగడ్డి అంతా సంచిలో కట్టి తీసేయండి. మందు నడిచినన్నాళ్లూ న్యూస్‌పేపర్, దాని మీద ఉతికిన నూలు గుడ్డ చాలు. డోసు వేసిన ప్రతిసారీ గూడు వేడినీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టండి. చెక్క ముక్కలు, అట్టపెట్టెలు పారేయండి, సందుల్లో పురుగు దాక్కుంటుంది. బుజ్జి గోళ్లు కొసలు మాత్రం కత్తిరించమని డాక్టర్‌ను అడగండి. గోక్కున్నా అంత గాయం కాదు.

తిండి గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. అన్నం, చపాతీ ముక్కలు, కుందేళ్ల పెల్లెట్లు పెడుతున్నామన్నారు. గినీ పిగ్ మనలాగే విటమిన్ సి ఒంట్లో తయారు చేసుకోలేదు. కుందేలు చేసుకోగలదు, అందుకే కుందేళ్ల పెల్లెట్లలో అది వేరుగా కలపరు. రోజుకు కిలో బరువుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి. అది తగ్గితే రోగనిరోధక శక్తి పడిపోతుంది, చర్మం మానదు, గజ్జి రెచ్చిపోతుంది. అన్నం, చపాతీ ఆపేయండి. రోజంతా గరిక ముందుండాలి. అయితే పత్తి చేన్ల గట్ల మీద కోసింది వద్దు, పురుగుమందు కొట్టి ఉంటారు. దానితో పాటు గుప్పెడు కొత్తిమీర, క్యాప్సికం ముక్క ఒకటి. జామ ముక్క అప్పుడప్పుడు. ఇవన్నీ మీ కూరగాయల మార్కెట్‌లో దొరికేవే.

మీ అబ్బాయి దద్దుర్ల సంగతి. మీ అత్తగారి భయం ఉట్టిదేం కాదు. ఈ పురుగు మనుషుల మీదికి వచ్చి కుడుతుంది. పెంపుడు జీవాన్ని ఎత్తుకున్న చోట, చేతుల మీద, పొట్ట మీద ఎర్రటి దద్దుర్లు వస్తాయి. అయితే మనిషి ఒంటి మీద అది సంసారం చేసి పెరగలేదు. బుజ్జికి వైద్యం పడితే పిల్లాడి దద్దుర్లు వాటంతట అవే తగ్గుతాయి. మనుషుల గజ్జి వేరు. అది వేళ్ల సందుల్లో మొదలై రాత్రిపూట దురద పెడుతుంది, ఇంట్లో ఒక్కొక్కరికీ పాకుతుంది. గుండ్రంగా అంచు లేచిన మచ్చ వస్తే తామర కావొచ్చు. అందుకని పిల్లాడిని ఒకసారి చర్మ డాక్టర్‌కు చూపించి, ఇంట్లో గినీ పిగ్‌కు గజ్జి ఉందని తప్పక చెప్పండి. మందు పూర్తయ్యేదాకా ఒళ్లో పెట్టుకోవద్దు, పొడుగు చేతుల చొక్కా వేసుకుని గూడు దగ్గర పని చేయాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి, బట్టలు వేడినీళ్లలో ఉతకాలి. పెద్దావిడ పడుకునే గదిలో గూడు ఉంటే ఇప్పుడే మార్చండి.

ఇక ఇంటి మాట. మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉన్నాయి: బుజ్జికి వైద్యం చేయించాలా, ఇంట్లో ఉంచుకోవాలా. ఈ రెంటినీ విడదీయండి. వైద్యం ఇప్పుడు, ఉంచుకోవడం సంగతి మందు పూర్తయ్యాక. ఎందుకంటే ఎవరికి ఇచ్చినా, ఇవ్వకపోయినా, ఈ గజ్జి తగ్గాల్సిందే. గజ్జితో ఉన్న జీవాన్ని ఎవరింటికో పంపితే వాళ్ల పిల్లలకూ ఇదే దద్దుర్లు. చెరువు కట్ట మీద వదిలేస్తే కుక్కలు, ముంగిసలు ఒక్క రాత్రి కూడా ఉండనివ్వవు. ఇవి ఆండీస్ కొండల్లో వేల ఏళ్ల కిందటే మనుషులు ఇళ్లలో మచ్చిక చేసుకున్న జీవాలు. పరుగెత్తి తప్పించుకోవడం, బొరియ తవ్వుకోవడం వీటికి చేతకాదు.

ఈ మాట అత్తగారికి చెప్పేటప్పుడు ఆమె అనుభవంలోంచే చెప్పండి. గొర్రెలున్న ఇల్లు మీది. మందలో గొర్రెకు గజ్జి పడితే ఆమె ఏం చేసింది? దాన్ని వేరు చేసి మందు వేయించింది, తగ్గాక మళ్లీ మందలో కలిపింది. ఎవరూ గొర్రెను చెరువు దగ్గర వదిలి రాలేదు. "అత్తమ్మా, నువ్వన్నది నిజమే, పోరనికి అంటింది, డాక్టర్‌కు చూపిస్తున్నం. రెండు మూడు సార్లు మందు పడ్డంక, అప్పుడు కూడా నీకు ఉంచుకోవద్దనిపిస్తే మాట్లాడుకుందాం" అని ఒప్పించండి. ఆమెకు భయం తన మనవడి గురించి. ఆ భయానికి జవాబు దొరికితే ఎలుకల మీద కోపం చాలావరకు తగ్గుతుంది.

మీ వారి ఐదు వందల లెక్క నాకు అర్థమవుతుంది, ఇంట్లో ప్రతి రూపాయికీ పది పనులుంటాయి. ఊరి దవాఖానతో మొదలుపెడితే ఖర్చు ఆయన భయపడేంత ఉండదు. హైదరాబాద్ వెళ్లాల్సి వస్తే మొత్తం ఎంత అవుతుందో ముందే అడిగి, మీ ఇద్దరూ ఒక హద్దు పెట్టుకోండి. అది తప్పేం కాదు. కానీ ఆ జీవం ధరతో పాటు ఇంకోటి కూడా లెక్కలో ఉందని ఆయనకు చెప్పండి. జబ్బు పడినదాన్ని ఈ ఇంట్లో ఏం చేస్తారో మీ అబ్బాయి చూస్తున్నాడు.

ఇచ్చేయాలనుకుంటే కూడా దారి ఉంది. మూడు డోసులూ పూర్తయి, గోక్కోవడం ఆగి, బొచ్చు మొలిచాక, రెంటినీ కలిపి, జబ్బు వచ్చి తగ్గిందని దాచకుండా చెప్పి ఇవ్వండి. విడదీసి ఇవ్వొద్దు, ఇవి తోడు లేకపోతే కుంగిపోతాయి. ఇవి ఐదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతాయి. అంటే మీ అబ్బాయి ఇంటర్ అయిపోయేదాకా, ఆపైన కూడా. వాడు హాస్టల్‌కు వెళ్తే చూసుకునేది మీరే. ఆ ఓపిక మీకు లేదనిపిస్తే నిజాయితీగా ఒప్పుకోవడమే మేలు. కానీ వాడు స్కూల్‌లో ఉన్నప్పుడు గూడు ఖాళీ చేయొద్దు. ఏ నిర్ణయమైనా వాడిని కూర్చోబెట్టి, వాడు ఏడ్చినా సరే, వాడి ముందే తీసుకోండి. నాయనమ్మతో మాట్లాడకపోవడం ఇప్పటికి చిన్న అలక. వెనకాల చేస్తే మీ అందరి మీదా నమ్మకం పోతుంది.

ఈలోగా వాడికి పని అప్పగించండి. వారానికి రెండుసార్లు రెంటినీ తూచి ఒక నోట్‌బుక్‌లో తారీఖు వేసి రాయాలి. మందు వేసిన రోజు, మళ్లీ వేయాల్సిన రోజు కూడా అందులోనే. గినీ పిగ్ జబ్బును చివరిదాకా దాచుకుంటుంది, బరువే ముందు చెబుతుంది. డాక్టర్‌కు ఆ నోట్‌బుక్ మీ మాటలకన్నా ఎక్కువ పనికొస్తుంది.

ఒక్కటి మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. బుజ్జి గానీ చిట్టి గానీ ఒక పూట పూర్తిగా తినడం మానేసినా, పెంటికలు వేయడం ఆగినా, విరేచనాలు పట్టినా, పుండ్ల మీద ఈగలు వాలి పురుగులు కనిపించినా, అది రాత్రి అయినా సరే డాక్టర్‌కు ఫోన్ చేయండి. పేగులు ఒక రోజు ఆగిపోతే వాటిని మళ్లీ కదిలించడం చాలా కష్టం. దవాఖాన నంబర్, దాంతో పాటు హైదరాబాద్‌లో ఒక క్లినిక్ నంబర్ ఇవాళే కనుక్కుని గూడు పక్కన గోడ మీద రాసి పెట్టుకోండి.